నీళ్లడిగిన దెయ్యం, రంగుల దెయ్యం

నేను బడి మానేసిన రోజు మా అయ్యవారు టెంకాయ కొట్టారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది శుద్ధ అబద్ధం. టెంకాయ కొట్టడానికి ఒక యోగ్యత ఉండాలి కదా. ఆయన చేసిందల్లా మిగిలిన పిల్లలకు తలా ఒక బెల్లం ముక్క పంచి, "ఈ పొద్దు నుంచి ఈడ పాఠం జరుగుతాది" అనడమే. ఆ బెల్లానికి నేను కూడా చెయ్యి చాపాను. పాపం, పెట్టారు. నా చదువుకు నాకు అందిన బహుమానం అదొక్కటే.

బడి వదిలింది కానీ నోరు వదల్లేదు. నాకు మీసాలు వచ్చిన ఏడాది ఆ నోటిని చూసి మా అన్న నన్ను తన వెంట టెంటు సినిమాకు తీసుకుపోయాడు. రాయదుర్గం చుట్టుపక్కల ఊళ్లలో చెనిక్కాయలు పీకిన చేలల్లో గుడారం వేసి, కొన్నాళ్లు ఆడించి, మూట కట్టుకుని పక్క ఊరికి పోయే సినిమా అది. ఎద్దులబండి మీద తిరిగి కేకలు వేసి జనాన్ని పిలవడం నా పని. అన్న పని వేరు. అన్న కథ చెప్పేవాడు.

ఈ కాలం వాళ్లకు ఆ పని ఏమిటో చెప్పాలి. తెలుగు బొమ్మల పెట్టెలు అన్ని రోజులూ దొరికేవి కావు. దొరకని రోజుల్లో మా టెంటు సావుకారు ఏదో ఒక ఇంగ్లీషు బొమ్మ పట్టుకొచ్చేవాడు. అది ఎవరికి అర్థమవుతుంది? అందుకని తెర పక్కన ఒక ముక్కాలిపీట వేసి, అన్న చేతికి మైకు ఇచ్చేవాళ్లు. తెర మీద దొరలు ఏం మాట్లాడుకుంటున్నారో అన్న తెలుగులో చెప్పేవాడు. గుమ్మఘట్టలో అయితే సగం కన్నడంలో. అన్నకు ఇంగ్లీషు వచ్చా అంటే, నాకు వచ్చినంత వచ్చు. కానీ మొహాలు చదివేవాడు. మొహం చూసి మాట పలికించేవాడు. అది విని జనం ఆ దొరలు తెలుగే మాట్లాడుతున్నారనుకునేవాళ్లు.

అట్లా ఒకసారి నెత్తురు తాగే దెయ్యం బొమ్మ వచ్చింది. నలుపూ తెలుపూ. శవపెట్టెలో నుంచి లేచిన చచ్చిన మనిషి ఒకడు ఇంటింటి ముందుకు వచ్చి నిలబడతాడు, లోపలికి రమ్మంటే వస్తాడు, మెడ కొరికి నెత్తురు తాగుతాడు. మా దగ్గరికి వచ్చేసరికి ఆ బొమ్మ ఎన్ని ఊళ్లు తిరిగిందో, రీళ్లన్నీ గీతలు పడి తెర మీద ఎప్పుడూ వాన కురుస్తున్నట్టు ఉండేది. ఆ ఏడు మా వైపు కరువు. నేను బండి మీద నుంచి, "రండప్పా రండి, మనూర్లో పడని వాన మా టెంట్లో పడతాండాది!" అని అరిచేవాణ్ణి. జనం నవ్వుతూ వచ్చేవాళ్లు. లోపలికి వచ్చాక అన్న వాళ్లను ఏడిపించేవాడు.

ఎందుకు ఏడ్చేవాళ్లంటే, ఆ బొమ్మలో రెండు చోట్ల లోటుంది. మొదట్లో ఒక రీలు లేదు. ఆ మనిషి ఎందుకు దెయ్యమయ్యాడో ఆ రీల్లో ఉండి ఉంటుంది. చివర్లో, పెట్టెలో పడుకున్న దెయ్యం గుండె మీద చెక్కమేకు పెట్టి ఒకాయన సుత్తి ఎత్తుతాడు. సుత్తి దిగేలోపే బొమ్మ తెగిపోయి, తెర ఒక్కసారిగా తెల్లబడిపోతుంది. అంతే. దాని తర్వాత ఏమీ లేదు.

ఈ రెండు లోట్లనూ అన్న తన కథతో పూడ్చాడు. 

మా ఇళ్లల్లో ఎవరైనా పోతే, ప్రాణం పోయిన చోట దీపం పెట్టి, పక్కన చెంబుతో నీళ్లు పెడతారు. పోయినవాళ్లకు దప్పిక ఎక్కువని, కర్మాంతరం దాకా వచ్చి తాగిపోతారని నమ్మకం. పొద్దున చూస్తే చెంబులో నీళ్లు కాస్త తగ్గి ఉంటాయి. అది చూసి ఇంటివాళ్లకు మనసు చల్లబడుతుంది. మా నాయనకు ఆ చెంబు పెట్టడానికి కుదరలేదు. కణేకల్ వైపు కాలవ తవ్వే పనికి పోయి, అక్కడే వడదెబ్బకు పోయాడు. కబురు మా దాకా వచ్చేసరికి అక్కడి వాళ్లే మట్టి చేసేశారు. ప్రాణం పోయిన చోటు ఏదో మాకు తెలియదు. అమ్మ మా వాకిట్లోనే చెంబు పెట్టింది. మరుసటి రోజు పొద్దున చూస్తే నీళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయనిపించింది ఆమెకు. "ఇంటి దావ తెలీలేదేమో రా ఆయనకు" అంది. ఆ మాట అన్న చెవిలో ఉండిపోయింది.

అందుకే అన్న కథలో ఆ తెల్లదొర దెయ్యానికి నెత్తురు మీద ఆశ లేదు. ఎక్కడో దూరాన దప్పికతో పోయాడు. పెట్టెలో నుంచి లేచి నీళ్ల కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. తెర మీద దెయ్యం గడప ముందు నిలబడితే, అన్న మైకులో గొంతు తగ్గించి, "అమ్మా... గుక్కెడు నీళ్లమ్మా" అనేవాడు. లోపలి దొరసాని భయంతో కేక పెట్టి తలుపేస్తుంది. "లేవు పోప్పా అంటాండాది" అనేవాడు అన్న. నీళ్లు ఇచ్చేవాళ్లు లేక, తట్టుకోలేక మెడ కొరుకుతాడు. ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి, "ఇయ్యండమ్మా పాపం, కడవలో అడుగున ఉన్నెవన్నా ఇయ్యండి" అని గొంతులు లేచేవి. ఏట్లో ఇసుక తవ్వి చెలమలో ఊరిన నీళ్లు చిప్పతో తోడుకుని వచ్చే ఆడవాళ్లు వాళ్లంతా. సిలువ చూపి దెయ్యాన్ని తరిమే చోట మాత్రం కిరస్తానీ పేట నుంచి వచ్చినవాళ్లు కాస్త నిటారుగా కూర్చునేవాళ్లు. ఆ చోటు జోలికి అన్న పోలేదు. 

ఇక చివర్న, తెర తెల్లబడ్డాక, యంత్రం తిప్పే ఆయన దీపం ఆర్పకుండా అట్లాగే ఉంచేవాడు. ఆ ఖాళీ తెల్లదనం ముందు అన్న చెప్పేవాడు.

"ఆ మేకు దిగలేదప్పా. ఆ ఊర్లో ఒక తల్లి ఉండె. ఆయమ్మ ఇంట్లో ఉన్నెవి చెంబెడు నీళ్లే. ఆ చెంబు తెచ్చి ఆయప్ప ముందర పెట్టె. ఆయప్ప కడుపునిండా తాగి, సల్లగుండు తల్లీ అని లేచి పాయె. ఇంగ ఎవురింటికీ రాలేదు."

ఏమీ లేని తెర వైపు చూస్తూ జనం ఏడ్చేవాళ్లు. నేను ఎన్నో బొమ్మలు చూశాను కానీ, అంత బాగా తీసిన సీను మళ్లీ చూడలేదు.

టెంటు మా ఊరికి వచ్చినప్పుడు అమ్మ కూడా చూడడానికి వచ్చింది. 'గుక్కెడు నీళ్లమ్మా' అన్న మాట వినగానే ఆమెకు ఎవరి కథో తెలిసిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. చివర్న గుండె మీద మేకు పెట్టి సుత్తి ఎత్తారు. అమ్మ లేచిపోయింది. తెర తెల్లబడే వేళకు ఆమె గుడారం దాటేసింది.

మేమిద్దరం ఇంటికి పోయేసరికి వాకిట్లో నిలబడి ఉంది. అన్నతో ఒకటే మాట అంది. "మీ నాయన్ను తెర మీదికెక్కించి గుండెకాయలో మేకు కొట్టిస్తివి గదరా."

"లేదమ్మా, ఆఖర్న..." అన్నాడు అన్న.

"ఇంగ ఆ బొమ్మ మాట ఈ ఇంట్లో ఎత్తొద్దు."

అన్న ఎత్తలేదు. కొన్నాళ్లాగి నేను చెప్పబోయాను. "అమ్మా, మేకు కొట్టలేదు. నీళ్లిచ్చినారు, తాగినాడు" అన్నాను. అమ్మ చేట దులుపుతూ, "నీ నోట్లోంచి వచ్చేది నిజమని నేను ఏ పొద్దన్నా నమ్మినానా?" అంది. న్యాయమే. ముందురోజే పక్కింటి మేక ఈనిందని చెప్పి ఆమెను పరుగెత్తించి ఉన్నాను. ఆ ఇంట్లో ఉన్నది పోతుమేక.

అట్లా ఏళ్లు గడిచిపోయాయి. ఆ బొమ్మ ఎక్కడికి పోయిందో పోయింది. తర్వాత అన్నకు గొంతులో పుండు లేచింది. బళ్లారి ఆసుపత్రిలో కోసి తీశారు. ప్రాణం మిగిలింది, మాట పోయింది. నోరు తెరిస్తే గాలి వచ్చేది. కొలిమి తిత్తి చిరిగితే వచ్చే చప్పుడు అది. ఇంట్లో దాహమైతే ఆ చప్పుడు చేసి బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపేవాడు. అమ్మ ఏ పనిలో ఉన్నా వచ్చి నీళ్లిచ్చేది. మింగడం కష్టంగా ఉండేది. బట్ట తడిపి పెదవుల మీద పిండేది.

అన్న కూర్చున్న ముక్కాలిపీట మీదికి నేను ఎక్కాను. నేను చెబితే ఏ బొమ్మయినా నవ్వులాట అయిపోయేది. దొర గుర్రం దిగితే 'గుమ్మఘట్ట బస్సు తప్పినట్టుండాది' అనేవాణ్ణి. జనానికి బాగానే ఉండేది. సావుకారు కూడా, "మీయన్న టెంట్లో ఇసక తడిపేటోడు, నువ్వు ఆరబెడతాండావు" అని మెచ్చుకునేవాడు. అన్న కూడా టెంటుతోపాటే వచ్చి పీట పక్కన ఇసుకలో కూర్చునేవాడు. నా హాస్యాలకు నవ్వేవాడు కాదు. లేచిపోయేవాడూ కాదు.

టెంటు కణేకల్‌లో ఉన్నప్పుడు సావుకారు ఒక కొత్త పెట్టె దించాడు. "అదే దెయ్యమప్పా. మళ్లా తీసినారంట, ఈ తూరి రంగుల్లో" అన్నాడు. 

పొద్దు గూకగానే మా కోసం వేసి చూపించారు. ఏమని చెప్పేది! తెర మీద గీత లేదు, వాన లేదు, అద్దం కడిగినట్టు ఉంది. పాత దెయ్యం ముసలివాడు, భుజాలు వంగిపోయి ఉండేవాడు. ఇతను కొత్త పెళ్లికొడుకులా ఉన్నాడు, ఎర్ర అస్తరు వేసిన నల్ల అంగీ, నున్నగా దువ్విన తల. పాతవాడు పిలిచేదాకా గడప ముందు నిలబడేవాడు. ఇతను కిటికీ బద్దలు కొట్టుకుని లోపలికి దూకుతాడు. పాతదానిలో నెత్తురు నల్లగా ఉండి, నీడో మరకో తెలిసేది కాదు. దీనిలో పండగనాటి కుంకుమనీళ్లంత ఎరుపు. ఇతను ఎందుకు దెయ్యమయ్యాడో మొదటి రీల్లోనే పూసగుచ్చినట్టు చూపించారు. చివర్న మేకు పెట్టారు, సుత్తి ఎత్తారు, దించారు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. మేకు చుట్టూ నెత్తురు ఊరింది. ఆ తర్వాత అక్షరాలు వచ్చాయి, అయిపోయింది. తెర తెల్లబడే సందే లేదు.

బాగా తీశారు, ఆ మాట దాచను. నేనే ఒక చోట అదిరి పీట మీద నుంచి పడ్డాను. కానీ ఆ బొమ్మలో చూసేవాడు చేయడానికి ఏ పనీ మిగల్లేదు. అన్నీ వాళ్లే చేసి పెట్టారు.

అన్న లేచి కాలవగట్టు మీదికి పోయాడు. నేనూ వెంట పోయాను. మా నాయన తవ్వే పనికి పోయిన కాలవ అదే, అప్పటికి దానిలో నీళ్లు పారుతున్నాయి. వాటిని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నా వైపు తిరిగి మా ఊరి దిక్కు చెయ్యి చూపాడు. నెత్తిన కొంగు కప్పుకున్నట్టు చేశాడు. అంటే అమ్మ. ఇసుక మీద అరచెయ్యి ఆనించాడు. కూర్చోవాలి. నా నోటిని తాకాడు. నువ్వు చెప్పాలి. ఆఖరికి బొటనవేలు తన నోటి దగ్గర పెట్టుకున్నాడు.

అమ్మ వచ్చి చివరిదాకా కూర్చోవాలి. ఆ దప్పికగొన్న మనిషికి నీళ్లు దక్కాయని వినాలి. అన్నకు ఇంకేమీ అక్కర్లేదు. అప్పటికే మనిషి చెరుకు పిప్పిలా అయిపోయాడు. ఎన్నాళ్లుంటాడో అడగాల్సిన పని లేదు.

"ఈ బొమ్మలో సందు లేదన్నా" అన్నాను. నా భుజం మీద చెయ్యి వేశాడు. అంతే.

టెంటు మా ఊరికి వచ్చింది. అమ్మను పిలిస్తే, "దెయ్యాల్ని చూసేకి ఆడిదాకా యాల? పొద్దన్నుంచి నిన్ను చూస్తానే ఉండా గదా" అంది. అప్పుడు అన్న ఆమె ముందు కూర్చుని బొటనవేలు నోటి దగ్గర పెట్టాడు. అమ్మ చెంబు తెచ్చింది. అన్న తాగలేదు, గుడారం వైపు చెయ్యి చూపాడు. అమ్మ చెంబు కింద పెట్టింది. తర్వాత కొంగు సర్దుకుంది.

ఆ సాయంత్రం మొదటి ఆటకు జనం విరగబడి వచ్చారు. రంగుల దెయ్యం కోసం కొందరు, నా హాస్యాల కోసం కొందరు. అమ్మ ఆడవాళ్ల వైపు తెరకు దగ్గరగా, నీళ్ల కడవ పక్కన కూర్చుంది. బతుకులో మొదటిసారి నేను హాస్యమాడకూడదనుకున్నాను. గొంతు తగ్గించాను. దెయ్యం మొదటిసారి ఒక ఇంట్లోకి దూకగానే, అన్న చెప్పినట్టే, "అమ్మా... గుక్కెడు నీళ్లమ్మా" అన్నాను.

గుడారమంతా గొల్లుమంది.

నవ్వుతారని నేను అనుకోలేదు. కిటికీ బద్దలు కొట్టుకుని దూకిన, చెంపలు ఎర్రగా ఉన్న మనిషి నీళ్లడుగుతున్నాడంటే నవ్వక ఏం చేస్తారు? అదీ నా గొంతులో. "నీళ్లు గాదన్నా, సారాయి అడుగుతాండాడు సూడు!" అని ఎవడో అరిచాడు. "చెనిక్కాయలు నంజుకోమను!" అన్నాడు ఇంకొకడు. నేను మళ్లీ చెప్పాను. ఇంకా నవ్వారు. గొంతు వణికితే, 'వణుకు బాగా చేస్తాండావన్నా' అని చప్పట్లు కొట్టారు. ఆ రోజు నేను చెప్పిన ప్రతి మాటా నిజం. ఒక్కటీ ఎవరూ నమ్మలేదు. అన్న ఇసుకలో మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

చివరి రీలు వచ్చింది. గుండె మీద మేకు పెట్టారు. "దిగదప్పా, ఆ మేకు దిగదు" అంటున్నాను నేను. సుత్తి దిగింది. ఈలలు వేశారు. ఎరుపు తెరంతా పాకింది. అమ్మ లేచింది.

అన్న ఆమెనే చూస్తున్నాడు కాబోలు. ఒక్క ఉదుటున లేచి నా చేతిలో మైకు లాక్కుని నోటికి ఆనించుకున్నాడు. గాలి వచ్చింది. చిరిగిన తిత్తి చప్పుడు గుడారం నలుమూలలా వినిపించింది. మళ్లీ వచ్చింది. మాటకు ప్రయత్నం అది, మాట కాదు.

"మైకు చెడిందప్పో!" అని కేకలు. "కట్టెయ్యండ్రా దాన్ని!" "చెవులు పగులుతాండాయి!"

లేచి నిలబడిన అమ్మ కదల్లేదు. గుడారంలో ఆ చప్పుడు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఇంట్లో పగలూ రాత్రీ వినేదే. నీళ్లు అడుగుతున్నాడు బిడ్డ. పక్కనున్న కడవలో చెంబు ముంచింది. ఎవరి కాళ్లు తొక్కుతోందో చూసుకోకుండా ఆడవాళ్ల మధ్య నుంచి తెర దగ్గరికి వచ్చేసింది. తెర మీది ఎరుపు ఆమె తెల్లచీర మీద పడింది. "పక్కకు పోమ్మా, కనపడ్లే!" అని అరిచారు. ఆమె అన్న గడ్డం పట్టుకుని, చెంబు వంచి, బొట్టు బొట్టుగా నోట్లో పోసింది. సగం మెడ మీద కారిపోయింది. అన్న కష్టపడి మింగాడు. రెండు చేతులూ ఎత్తి ఆమెకు దండం పెట్టాడు.

నా చేతిలో మైకు లేదు. అయినా ఆమెకు వినపడేటట్టు చెప్పాను. "మా, పోయినసారి నువ్వు లేచి పోయినాక అన్న చెప్పిండేది ఇదే."

అమ్మ అన్న మొహం వైపే చూస్తూ, "తెలిసింది లేరా" అంది.

ఇంటికి పోతూ దారిలో, బరువు తేలిక చేద్దామని, "రెండు బొమ్మలూ చూసినావు గదమ్మా, యాది బాగుండాది?" అని అడిగాను. అమ్మ నడుస్తూనే చెప్పింది. "మొదటాయనకు దప్పిక. ఈయప్పకు ఆకలి. కండ పెరిగినోని ఆకలికి నేనేం జేతు? దప్పికైతే చెంబన్నా తెస్తా." ఆ రెండు బొమ్మల గురించి అంతకంటే బాగా చెప్పిన మాట నేను ఈనాటికీ వినలేదు.

ఆ ఎండాకాలం దాటకుండానే అన్న పోయాడు. ఇంట్లోనే పోయాడు, అమ్మ ఒళ్లో. ప్రాణం పోయిన చోటు ఏదో ఈసారి మాకు తెలుసు. దీపం పెట్టాం. అమ్మ రెండు చెంబులు పెట్టింది. రెండోది ఎవరికని ఎవరూ అడగలేదు. పొద్దున చూస్తే రెండిట్లోనూ నీళ్లు తగ్గాయి. ఎండకు తగ్గాయో, ఎలుక తాగిందో, నేను నోరెత్తలేదు.

కర్మాంతరం అయిపోయాక అమ్మ ఆ చెంబులు తోముతూ కూర్చుంది. ఆమె నోట మాట వచ్చి చాలా రోజులైంది. ఎట్లాగైనా పలికించాలని పక్కన చేరాను. "ఆ పొద్దు నేను ఎంత బాగా చెప్తిని కథ! టెంటంతా ఏడ్సాల్సింది. ఏం జేద్దాం, మైకు చెడిపాయె" అన్నాను.

అమ్మ చెంబు బోర్లించి, తల తిప్పకుండా అంది.

"మైకు బాగనే ఉన్నెరా. నువ్వు మాట్లాడినంతసేపే అది చెడిండేది."